చెరువుగట్టున, కొండవాలున తోటల పోషణ

హైదరాబాదు నగరమునకు ఆధారమైన గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గలవి. ఆ శిలల నడుమ సహజముగా నేర్పడిన పల్లములకు అడ్డముగా కట్టలు పోసి వాననీటిని నిలుపు విద్య నెఱిగిన పూర్వులు 1562లో హుస్సేన్ సాగరమును, 1908 నాటి మూసీ వరదల బీభత్సమును చూచిన తరమువారు 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును నిర్మించిరి. వీని చుట్టును చిన్న చెరువులు లెక్కకు మిక్కిలిగా వెలసినవి. గుట్టయు చెరువును ఇంత సన్నిహితముగా నుండుటచేత, ఒకప్పుడు పశువుల కాపరులు తప్ప ఎవరును కోరని బంజారా గుట్టలును, గోలకొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు తీరమును నేడు గృహనిర్మాణమునకు అన్ని విధముల ప్రియమైన స్థలములైనవి. ఇట్టి చోట్ల ఇల్లు కట్టుకొన్న గృహస్థునకు మొదటి యేడు ముగియకమునుపే మూడు చింతలు పట్టుకొనును: పచ్చిక ఎండుచున్నది, చెట్టు ఒరుగుచున్నది, దోమలును చెదలును నిలువనీయకున్నవి. అంతట పచ్చిక పరచువాడొకడు, కొమ్మలు నరకువాడొకడు, మందు కొట్టువాడొకడు వరుసగా గేటు తట్టుదురు. ముగ్గురును తమ తమ పనులలో నేర్పరులే కావచ్చును. కాని నేల యే దిక్కునకు వాలియున్నదో, తాము చల్లినదియు, పోసినదియు, చిమ్మినదియు మొదటి గట్టివానకు ఎచటికి చేరునో విచారించు భారము ఆ ముగ్గురిలో ఎవరిదియు కాదు. సమతలమైన భూమిపై ఈ ఉపేక్ష కొంతవరకు చెల్లిపోవును. వాలున చెల్లదు, గట్టున అసలే చెల్లదు. ఉద్యానపోషణమును గూర్చి మనకు లభించు సలహాలలో అధికభాగము సమతలము నుద్దేశించి పుట్టినవే యగుటచేత, వానిని ఈ దృష్టితో మరల పరిశీలింపవలసియున్నది.

పచ్చికతో ఆరంభింతము. గరిక మనకు క్రొత్తది కాదు. ఎండకాలమున నేలలోనికి ముడుచుకొనిపోయి, తొలకరికి మరల చిగిర్చి, మేసిన కొలదిని దట్టమగుచు, మన గట్లను తరతరములుగా కాపాడినది అదియే. సంవత్సరము పొడవునను ఒకే ఎత్తున, ఒకే వన్నెతో నుండు తివాచీవంటి పచ్చిక మాత్రము చల్లని తుంపరవానల దేశముల ఆదర్శము. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షము, అదియు ముఖ్యముగా నాలుగు నెలలలో కురియు దక్కనులో ఆ ఆదర్శమును నిలుపుటకు వేసవిలో దినమునకు అయిదారు మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా నూరు చదరపు మీటర్ల మెక్సికన్ గడ్డికి ప్రతిదినము 500 మొదలు 600 లీటర్లు. వాలున ఈ లెక్కయు చాలదు. ఏలయన, గొట్టముతో ధారగా పోసిన నీరు ఇంకుటకు వ్యవధి లేక జారిపోవును; పైభాగమున గడ్డి దాహముతో పసుపువారగా, అడుగుభాగమున నీరు నిలిచి బూజు తెగుళ్ళు ప్రవేశించును; తోటమాలి పైభాగము నెండుట చూచి మరింత నీరు పోయును. కొద్దికొద్దిగా, మధ్య మధ్య విరామమిచ్చి పెట్టిన తడియే వాలునకు పనికివచ్చును. మూడడుగుల దూరమునకు అడుగు ఎత్తు పెరుగు నేలపై, అంతకంటె నిటారుగా నున్న చోట్లను, గడ్డి కత్తిరించు యంత్రమును నడుపుట ప్రమాదకరము. అట్టి చోట పచ్చిక నసలు కోరకుండుటయే వివేకము.

ఇంతకును గుట్టమీద మన్నెక్కడిది? జానెడు మట్టి, దాని క్రింద మొరము, మొరము క్రింద రాయి. కావున పచ్చిక పరచుటకు ముందు లారీలతో ఎఱ్ఱమన్నును, చెరువుల పూడికమట్టిని తెప్పించి పరతురు. పూడికమట్టి రైతు పొలమునకు చేరిన మహోపకారి యగును. గట్టును కట్టని వాలుపై పరచినచో రెండు వర్షకాలములు గడచులోపల సగము కాలువలపాలగును. చెరువునుండి తీసిన మట్టిని గుట్ట కెక్కించుటకు గృహస్థుడు కూలి చెల్లించును. దిగివచ్చిన ఆ మట్టినే మరల తీయుటకు పురజనులందరును పన్ను చెల్లింతురు. ఇంతకంటె విచిత్రమైన సహకారవ్యవస్థను నే నెఱుగను.

మట్టితోపాటు దిగిపోవు మరియొక పదార్థమునకై కొంత ఆగవలసియున్నది. పచ్చిక వన్నె తగ్గగానే మనవారు గుప్పెడు యూరియాయు, దానికి తోడు గుప్పెడు డీఏపీయు చల్లుదురు. డీఏపీలో నూటికి 18 పాళ్ళు నత్రజనియు, పెంటాక్సైడు లెక్కన 46 పాళ్ళు భాస్వరమును ఉండును. నాటుకొని వేళ్ళూనిన పచ్చికకు భాస్వరముతో అవసరము మిక్కిలి స్వల్పము. మిగిలినది మట్టిరేణువులను పట్టుకొని కూర్చుండి, రేణువు కదలినపుడు తానును కదలును. మంచినీటి సరస్సులలో నాచు పెరుగుదలకు అడ్డుకట్టయై యుండునది సాధారణముగా ఈ భాస్వరపు కొరతయే. కెనడా దేశపు ఒంటారియోలో డేవిడ్ షిండ్లరు అను శాస్త్రజ్ఞుడు 1973లో 226వ సంఖ్య గల ఒక చిన్న సరస్సును నడుమ తెరకట్టి రెండుగా విభజించి, ఒక భాగమునకు కర్బనమును, నత్రజనిని మాత్రమే యిచ్చి, రెండవదానికి ఆ రెండింటితోపాటు భాస్వరమును చేర్చెను. కొలది వారములలో భాస్వరము చేరిన భాగము పచ్చని నాచుతో నిండిపోగా, మొదటి భాగము మునుపటివలెనే యుండెను. ఆకాశమునుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రము, వాదోపవాదములతో సంవత్సరముల తరబడి తేలని విషయమును ఒక్కసారిగా తేల్చినది. ఒక పాలు భాస్వరము నీట చేరినచో సుమారు 500 పాళ్ళ నాచును పెంచగలదని సరోవరశాస్త్రజ్ఞుల అంచనా. అమెరికాలో సరస్సుల రాష్ట్రమని పేరొందిన మిన్నెసోటా, 2002లో చేసిన శాసనమును క్రమముగా విస్తరించి, 2005 నాటికి రాష్ట్రమంతటను, నేలపరీక్షలో కొరత తేలినప్పుడును క్రొత్తగా పచ్చిక నాటునప్పుడును తప్ప, ఇండ్ల పచ్చికలకు భాస్వరపు ఎరువును నిషేధించినది. ఆ రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు అచట దుకాణమున కొను ఎరువు సంచిపై మూడంకెలలో నడిమి అంకె సున్నయై యుండుటకు కారణ మిదియే. ఇక్కడి మన చెరువులలోనికి ఎరువులకంటె మురుగునీటి ద్వారమున వచ్చు భాస్వరమే అత్యధికమను మాట నిజము. ఆ నిజమును అడ్డుపెట్టుకొని ఒడ్డునున్నవాడు తన గుప్పెటను విప్పుట న్యాయము కాదు. కత్తిరించిన గడ్డిని అచటనే విడిచినచో నత్రజనిలో కొంత తిరిగి నేలకే చేరును. కావలసిన మిగిలిన భాగమును గట్టివానలు వెనుదీసిన పిదప కొద్దిగా నిచ్చినచో చాలును. వర్షసూచన చూచి ఎరువు చల్లు అలవాటు మనవారిలో మిక్కిలి ప్రబలినది. పొలమున అది సమంజసమో కాదో గాని వాలున మాత్రము చెరువునకు చేసిన దానమే.

వాలును గూర్చిన పాఠము చెప్పుటకు నైనీతాలును మించిన గురువు లేదు. కుమావూ పర్వతములలో సరస్సు చుట్టును నిటారైన కొండలపై ఇండ్లును, హోటళ్ళును లేచిన ఆ పట్టణమున, 1867లోనే ఒక హెచ్చరిక వంటి పతనము జరిగినను పెడచెవిని బెట్టి, చెట్లు తీసి చదునుచేసి కట్టడముల నింకను పెంచుచుండగా, 1880 సెప్టెంబరు 18న, ఎడతెగని వర్షమునకు నానిన షేర్‌కాదండా కొండచరియ విరిగిపడి 151 మందిని పొట్టనబెట్టుకొన్నది. పిమ్మట ఆంగ్లప్రభుత్వము చేసిన ముఖ్యమైన పని గోడలు కట్టుట కాదు. కొండ పొడవునను కాలువల జాలమును నిర్మించి, పడిన వాన నేలలోనికి దిగి పొరలను జార్చకముందే దానిని క్రమమార్గమున సరస్సునకు చేర్చుట. మన నగరపు గుట్టలు హిమాలయములు కావు, గ్రానైటు కుదురైనది. అయినను బండకును, దానిపై మనము పోసిన మట్టికిని నడుమ నీరు చొరబడినపుడు జరుగు ప్రక్రియ ఒక్కటియే. అడుగున నీరు కారుటకు రంధ్రములు విడువక కట్టిన రాతిగోడ రెండు మూడు వర్షకాలములలో కడుపు ఉబ్బి ఒరుగుట గుట్టలపై నిత్యము కానవచ్చు దృశ్యము. రాతిగోడకంటె చౌకయైన కాపు ఒకటి కలదు: వట్టివేరు. అడ్డముగా, సమోన్నత రేఖల వెంట వరుసగా నాటినచో దాని వేళ్ళు మూడు మీటర్ల లోతునకు నిలువుగా దిగి, మీది దుబ్బు కొట్టుకొనివచ్చు మట్టిని ఆపి, కాలక్రమమున తానే మెట్లను నిర్మించును. ఇంత చేసియు నర్సరీలో దానికి వెల లేదు, కంటికింపుగా పూయదు కదా!

చెట్ల విషయమున గుట్టయు, గట్టును పరస్పరవిరుద్ధములైన గుణముల నపేక్షించును. గుట్టపై చెట్టు రాతి పగులులో వేరుదూర్చి, ఎనిమిది నెలల ఎండను ఓర్వవలెను. గట్టుమీదిది నెలల తరబడి పాదము మునిగినను కుళ్ళక నిలువవలెను. ప్రకృతి ఈ రెండు పరీక్షలకును అభ్యర్థులను మునుపే ఎంపిక చేసియున్నది. నగరమధ్యమున 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమున నడచినవారికి గుట్ట చెట్ల జాబితా వేరుగా నీయనక్కరలేదు: సీతాఫలము, వేప, రేల, మోదుగ. గట్టున ఏరుమద్ది, కానుగ, నేరేడు, నల్లతుమ్మ. వీనిని విడిచి, నాలుగేండ్లలో గోడయెత్తు నీడనిచ్చునని కోనోకార్పసును, ఏడాకులపాలను వరుసలుగా నాటి, పిమ్మట కోనోకార్పసును నాటరాదని ప్రభుత్వములే ఆజ్ఞలీయవలసి వచ్చిన కథ మనమెఱిగినదే. కొండవాలున వేగముగా పెరుగు చెట్టుపై మోజు ఎంత నష్టదాయకమో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునకు చూపినది. పైపై వేళ్ళు గల అలంకారవృక్షములు వేలసంఖ్యలో కూలి, ఇండ్లను తంతులను తమతోపాటు పడగొట్టినవి. ఒరిగిన చెట్టును జూచి భయపడి, తల నరికి మొండెము నిలుపుట మనవారి సామాన్య చికిత్స. అది చెట్టును తేలికపరచదు, కోతనుండి పుట్టు బలహీనమైన కొమ్మలను మూడేండ్లలో మరింత ప్రమాదకరముగా పెంచును. పొరుగుకొమ్మ మొదలువరకు పోయి చేసిన కోతయే కోత. చెట్టు నరకవలెనన్న 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి తీసికొనవలెననుట చాలమందికి తెలియదు. తెలిసినవారిలో చాలమంది రాత్రివేళ నరకుదురు.

ఒక్క చోట మాత్రము చెట్టునకు వ్యతిరేకముగా పలుకవలసియున్నది. మట్టికట్టపై మహావృక్షములు తగవు. చెట్టు బ్రతికియున్నంతకాలము వేరు మట్టిని పట్టుకొనును గాని, అది చచ్చి, వేరు కుళ్ళిననాడు కట్ట గర్భమున గొట్టము వంటి మార్గమొకటి మిగులును. పందికొక్కులును, పీతలును త్రవ్విన బొరియలతో అది కలిసినచో, చెరువు నిండిన రాత్రి కట్టకు బుంగ పడును. గరికయు, వట్టివేరును కట్టకు చాలును.

2021 ద్వితీయార్ధమున తెలంగాణమంతటను వేపచెట్ల చిగుళ్ళు మాడి, కొమ్మలు చివరినుండి ఎండుచు వచ్చినపుడు కలిగిన భయమును పాఠకులు మఱచియుండరు. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము, దానికి తోడు చిగుళ్ళ రసమును పీల్చు టీ దోమ దీనికి కారణములని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కొందరు కాండమునకు బెజ్జములు వేసి మందులెక్కించిరి. కొందరు వేరుచుట్టును లీటర్లకొలది పురుగుమందు పోసిరి. చెరువుగట్టు వేపల మొదళ్ళలో పోసినది ఎచట తేలినదో వేరుగా చెప్పనేల? మరుసటి వేసవికి అధికసంఖ్యాకములైన చెట్లు, మందు తాగినవియు తాగనివియు, మరల చిగిర్చినవి. ఎండుకొమ్మలను కోసి కాల్చుట, లేతచెట్లకు మాత్రము సకాలమున శిలీంధ్రనాశని చిమ్ముట చాలియుండెడిది.

ఈ సందర్భమున పురుగుల ప్రకరణమునకు వచ్చితిమి. నా మతమున మొత్తము సమస్యకు ఇదియే మర్మస్థానము. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరమున క్లియర్ లేక్ అను సరస్సు కలదు. దాని తీరమున విహారగృహములు కట్టుకొన్నవారిని ఒక చిన్న ముసురుపురుగు వేధించుచుండెను. దోమవలె కనబడునేగాని అది కుట్టునది కాదు, దీపముల చుట్టు మూగుటయే దాని నేరము. దాని నిర్మూలనకై 1949లో డీడీటీ బంధువైన డీడీడీ అను మందును ఏడు కోట్ల పాళ్ళ నీటికి ఒక పాలు చొప్పున సరస్సులో కలిపిరి. అంత పలుచని మోతాదు ఎవరికి హాని చేయును? పురుగు తగ్గెను, మరల వచ్చెను. 1954లో అయిదు కోట్లకు ఒక పాలు, 1957లో మరల అంతే. మొదట నాచుకణములలోను, వానిని తిను సూక్ష్మజీవులలోను, వానిని తిను చిన్నచేపలలోను, ఆ చేపలను తిను పెద్దచేపలలోను మెట్టుమెట్టుకు గాఢమగుచు పోయిన ఆ విషము, చివరకు మునుగుడుకోడి జాతికి చెందిన పెద్ద నీటిపక్షుల కొవ్వులో పదిలక్షలకు 1,600 పాళ్ళుగా బయటపడెను. నీటిలో కలిపిన గాఢతకు ఇది 80,000 రెట్లు. వేయికి మించిన జంటలు గూళ్ళు కట్టిన తీరమున 1960 నాటికి ముప్పది జంటలు మిగిలినవి. 1962లో రేచెల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఈ వృత్తాంతమును లోకమునకు చాటెను. మందునకు లొంగని ఆ పురుగుపై 1967లో ఒక పరాయి చేపను వదలిరి. అది పురుగుతోపాటు సరస్సులోని చేపల సంఘమునే మార్చివేసెను.

డీడీడీ పోయినది, తర్కము మాత్రము పోలేదు. నేడు మన ఇండ్లలో విరివిగా చిమ్ము సింథటిక్ పైరిథ్రాయిడ్లు మనుష్యునకు సాపేక్షముగా స్వల్పవిషములు, చేపలకును నీటిపురుగులకును ఘోరవిషములు. సీసాపైనున్న త్రికోణపు రంగును చూచి గృహస్థుడు ధైర్యపడును: ఎఱుపు అతి ప్రమాదము, పసుపు ఎక్కువ, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. కాని ఆ రంగులు ఎలుకల వంటి క్షీరదములపై పరీక్షించిన మోతాదు ననుసరించి యేర్పరచినవి. చేప మాట ఆ త్రికోణమున లేదు. అడుగున సూక్ష్మాక్షరములలో, జలాశయముల సమీపమున వాడరాదను వాక్యమున నుండును. చెరువుగట్టు వానికి చదువదగినది ఆ వాక్యము.

దోమలయందు మనకు విశేషమైన అధికారము కలదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాదులోనే గదా. దోమ జాతిని బట్టి నీటి చరిత్రను చదువవచ్చును. క్యూలెక్సు దట్టమైనచో మురుగు చేరినదనియు, మాన్సోనియా కనబడినచో గుర్రపుడెక్క అల్లుకొన్నదనియు, ఏడిస్ కుట్టినచో తప్పు చెరువుది కాదు, మన పూలకుండీల పళ్ళెములదనియు గ్రహింపవలెను. పొగయంత్రము ఈ మూడింటికిని ఒకే సమాధానమిచ్చును. అది ఎగురు దోమలను కొన్నిటిని చంపి, తూనీగలను కూడ చంపి వెడలిపోవును. గుర్రపుడెక్కను తిను నియోకెటినా ముక్కుపురుగులను 1980ల దశకమున మన దేశమున ప్రవేశపెట్టిరి. అవి నెమ్మదిగా పనిచేయునవి, నెమ్మది మన పురపాలకములకు నచ్చదు.

కొబ్బరి నాటుకొన్న తీరవాసులకు సర్పిలాకార తెల్లదోమ మరియొక పరీక్ష. 2016లో పొల్లాచ్చిలో బయటపడి మన కోనసీమవరకును వచ్చిన ఈ పురుగు ఆకులపై తెల్లని వలయములను, క్రింది ఆకులపై మసిని మిగుల్చును. గాఢమైన మందులు చిమ్మినవారి తోటలలో అది మరింత విజృంభించినది. ఏలయన మందు మొదట చంపినది దానిపై బ్రతుకు ఎన్‌కార్సియా అను సూక్ష్మకందిరీగను. వేగమైన నీటిధారతో ఆకులను కడుగుటయు, అంబాజీపేట పరిశోధనస్థానమువారు వృద్ధిచేసిన ఐసేరియా శిలీంధ్రమును చల్లుటయు, కొంత ఓర్పును మేలు చేసినవి. ఎలుకలకును పందికొక్కులకును బ్రోమాడయొలోన్ బిళ్ళలను బొరియలలో వేయువారు, విషము తిన్న ఎలుకను గుడ్లగూబ తినుననియు, ఒక గుడ్లగూబ పోయిన గట్టున మరుసటి యేడు ఎన్ని ఎలుకలుండునో లెక్కింపనక్కరలేదనియు స్మరింపవలెను.

ఇక చట్టము. 2012 నాటి భవననిర్మాణ నియమములు పది హెక్టార్లును అంతకు మించియు వైశాల్యము గల చెరువులకు హద్దునుండి 30 మీటర్లను, అంతకు తక్కువవానికి 9 మీటర్లను కట్టడములు లేక విడువవలెనని విధించినవి. అదే నియమములు ఆ విడిచిన పట్టీని లేఅవుటులోని ఖాళీస్థలముగా లెక్కించుకొనుటకు అనుమతించినవి. ఆ అనుమతిని పట్టుకొని నిర్మాతలు ఆ పట్టీనంతటిని పచ్చిక పరచి, పిచికారీ గొట్టములు బిగించి, చెరువునకు అత్యంత సమీపమైన నేలకే అత్యధికముగా ఎరువును మందును ముట్టచెప్పుచున్నారు. కట్టడమును నిషేధించిన చట్టము కలుషమును నిషేధింపలేదు. ఆ పట్టీలో ఉండవలసినవి జమ్ము, తుంగ, రెల్లు, వాని వెనుక కానుగయు నేరేడును; కత్తెర తగులని, ఎరువు తెలియని ఈ దట్టమైన అంచు వచ్చిన నీటిని నెమ్మదింపజేసి మట్టిని దించుకొని పంపును. పాములు చేరునని కొనువారు భయపడుదురు. పాము ఎలుకకై వచ్చును, ఎలుక మన చెత్తకై వచ్చును. సరస్సు కనబడదందురు, ఒకటి రెండు చోట్ల కాలిబాటంత వెడల్పున తెరచియుంచినచో కనబడును. ఎండిన జమ్మును ఏటేట తొలకరికి ముందు కోసి బయటికి తీయవలెననుట నిజమే; లేనిచో కుళ్ళి, పీల్చుకొన్న భాస్వరమును మరల నీటికే అప్పగించును. ఏడాదికొకసారి అగు ఆ కోతకూలిని, నెలకు రెండు మార్లు కత్తిరింపవలసిన పచ్చిక వ్యయము ప్రక్కన వేసి చూపిన గృహవిక్రయపు కరపత్రమును మాత్రము నే నింతవరకు చూడలేదు.